ఆళ్లగడ్డకు పూలజడ

శిరివెళ్ల దాటగానే బస్సు గుంతలో పడింది. సీట్లోంచి ఎగిరి పడ్డాను గానీ, ఒళ్లో ఉన్న పెట్టెను మాత్రం రెండు చేతులతో గాల్లోనే పట్టుకున్నాను. పక్క సీటు ఆవిడ నాకేమైనా తగిలిందా అని చూడలేదు, పెట్టెకేమైందా అని చూసింది. మూడడుగుల అట్టపెట్టె అది. సీలింగ్ ఫ్యాన్ రెక్కలు వచ్చే పెట్టె. మా పక్క అంగడిలో అడిగి తెచ్చుకున్నాను. లోపల తడిగుడ్డ పరిచాను కాబట్టి అట్ట నాని, నా డ్రెస్ మోకాళ్ల దాకా తడిసిపోయింది.

కండక్టర్ వచ్చి నిలబడ్డాడు.

"ఏందిమా అది?"

"పూలన్నా."

"పైన ఫ్యాన్ బొమ్మ ఉండాదే."

"పెట్టె ఫ్యాన్‌ది. లోపలుండేది పూలజడ."

"ఆడోళ్లకు ఫ్రీ గదా, నీకు టికెట్ లేదులే. దీనికి లగేజీ కొట్టల్లనా వద్దా?"

"పూలకు యాడన్నా లగేజీ కొడతారా అన్నా? శ్రీమంతానికి పోతాండాది. బాలింతరాలు కాబోయే మనిషి తలకెక్కాల."

ఆయన ఏమనుకున్నాడో, శ్రీమంతం అనే మాట విన్నాక లగేజీ కొట్టకుండా ముందుకు పోయాడు. వెనక సీటు ముసలామె మాత్రం మూత కొంచెం తీసి చూపించమంది. చూపించలేదు. గాలి తగిలితే మొగ్గలు విచ్చుకుంటాయి. నాలుగింటికి విచ్చుకోవాల్సిన మొగ్గలు పదింటికే విచ్చుకుంటే నేను పొద్దున ఐదింటి నుంచి సూదితో వేళ్లు పొడుచుకున్నదంతా దండగ.

నేను నంద్యాలలో ఒక పూల అంగడిలో పని చేస్తాను. పదో తరగతి పాసయ్యాను. ఇంటర్ మొదటి ఏడాది మధ్యలోనే మానేశాను. నాకొచ్చే ఇంగ్లీషంతా ఆర్డర్ల మీద వచ్చే ఇంగ్లీషే. మా పని చాలామందికి తెలియదు. ఎక్కడో పెద్ద ఊర్లో ఒక కంపెనీ ఉంటుంది, దానికో వెబ్‌సైటు ఉంటుంది. దూరాన ఉండేవాళ్లు అందులో ఊరి పేరు దగ్గర నంద్యాల అని నొక్కి, బొమ్మ చూసి బొకేనో కేకో టెడ్డీనో కొంటారు. ఆ కంపెనీకి నంద్యాలలో ఈగ కూడా లేదు. ఆర్డరు మా అంగడికి వస్తుంది. బొమ్మలో ఉండే పూలు మాకు దొరకవు, దొరికే పూలతో బొమ్మలాగా చేస్తాం. ఆ వెబ్‌సైటు ఊర్ల లిస్టులో ఆళ్లగడ్డ పేరు కూడా ఉంటుంది. ఆళ్లగడ్డ అని నొక్కితే అది కూడా మా దగ్గరికే వస్తుంది, మా దగ్గరికంటే నా దగ్గరికే. బస్సెక్కి పోయేది నేను. ఇచ్చి, తీసుకున్న మనిషి చేతిలో వస్తువు ఉండగా ఫోటో తీసి పంపాలి. ఫోటో పోకపోతే ఆర్డరు ముగియదు. అది కంపెనీ దగ్గరే ఉంటుంది, కొన్నవాళ్లకు కావాలంటే నేనే వాట్సాప్‌లో వేరే పంపుతాను.

ఆ ఆర్డరు వచ్చింది రెండు రోజుల ముందు. ఎర్ర గులాబీల బొకే, ఆళ్లగడ్డకు. పంపేవాళ్లు ఏదైనా రాసుకోవడానికి ఒక గడి ఉంటుంది, అందరూ అందులో హ్యాపీ బర్త్‌డే అని రాస్తారు. ఇందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు ఉంది. బొకే వద్దు అక్కా, సైటులో వేరేది లేక నొక్కినా, మా చెల్లెలికి శ్రీమంతం, పుట్టింటి నుంచి పూలజడ పోవాల, ఎట్లన్నా చెయ్యండి అని.

మా అంగడి ఓనరును నేను భాయ్ అంటాను. భాయ్ అది రెండుసార్లు చదివాడు.

"క్యాన్సిల్ కొట్టు పాపా. కంపెనీవాళ్లు బొకే అంటాండారు, ఈయప్ప జడ అంటాండాడు. మధ్యలో మనకెందుకు?"

"నాకొచ్చు భాయ్."

"ఏం వచ్చు?"

"పూలజడ కుట్టేది. మా అమ్మ తావ నేర్చుకున్నా."

"ఎన్ని కుట్టినావ్?"

"రెండున్నర."

"అరే, ఆ అర ఏందమ్మా?"

"నా పెద్దమనిషి ఫంక్షన్‌కు. మా అమ్మకు వేలు తెగింటే మిగతా సగం నేనే కుట్టుకున్నా."

భాయ్ నవ్వలేదు. మల్లెలు అప్పుడే దిగుతున్నాయి, కనకాంబరాలు దొరకడం లేదు, ఆళ్లగడ్డ చేరేసరికి వాడిపోతే కంపెనీ మనల్ని తిడుతుంది అని చాలా చెప్పాడు. నేను అన్నీ విని, చేస్తా భాయ్ అన్నాను. నాకు ఒకటి చేస్తా అన్నాక వెనక్కి తీసుకోవడం చేతకాదు. ఇంట్లో కూడా అందుకే తిట్లు తింటాను. దానికి తోడు పుట్టింటి నుంచి అనే మాట నన్ను పట్టుకుంది. మా వైపు శ్రీమంతానికి చీర, గాజులు, పూలు పుట్టింటి నుంచి రావాలి. పీట మీద కూర్చోబెట్టాక ముందు ఆ పూలే తలకెక్కాలి, అత్తగారి వైపు పూలు ఆ తర్వాతే. వెబ్‌సైటులో వెతుక్కుంటున్నాడంటే ఆ ఇంట్లో పంపడానికి ఇంకెవరూ లేరనే కదా.

నంబరుకు వాట్సాప్‌లో ఫోన్ చేశాను. కువైట్. డ్రైవరు పని. పోయి మూడేళ్లు దాటిందట, సేటు సెలవు ఇవ్వలేదట.

"చీర, గాజులు వేరే సైటులో పెట్టినా మా. అవి పోయి చేరినాయి. పూలు ముందే పంపితే వాడిపోతాయి గదా. అందుకే నిన్ను అడుగుతాండా."

"అమ్మోళ్లు లేరా అన్నా?"

"మా అమ్మ పోయినప్పుడు దానికి నాలుగేండ్లు, నాకు పది. నాయన తెల్లారక ముందే బండల పాలిష్ ఫ్యాక్టరీకి పోయేటోడు. నేనే తల దువ్వి ఇస్కూలుకు పంపేది. రెండు జడలు, రిబ్బన్లు, అన్నీ నేనే ఏసేటోన్ని. నాయన కూడా పోయినాడు ఇప్పుడు."

"జడ ఎంత పొడుగుంటాది?"

"మంచం మీద కూచుంటే కొస మంచానికి తగులుతాది. రాసుకో. నా చేతులకు తెలుసు గదా మా ఆ జడ."

రాసుకున్నాను. ఆమె నంబరు అడిగితే, వాకిట్లోకి పోయిందాకా ఫోన్ చెయ్యొద్దు, తెలియకుండా పోవాల అన్నాడు. జుట్టు గురించి ఆ జుట్టున్న మనిషిని ఒక్క మాట అడగకుండా మూడడుగుల జడ కుట్టాను. ఆ జడను మూడేళ్ల కింద చూసిన మనిషి మాట మీద. అరటి బోదె దబ్బ చీల్చి, దాని మీద మొగ్గలు వరసగా సూదితో గుచ్చుతూ, మధ్యలో కనకాంబరాలు, అంచుకు మరువం. కనకాంబరాలు భాయే తెల్లారి మార్కెట్లో ఎక్కడో సంపాదించి, బల్ల మీద పెట్టి పోయాడు. బస్టాండుకు బయల్దేరుతుంటే, ఫోటో మర్చిపోవద్దు అన్నాడు, అంతే.

ఆళ్లగడ్డలో దిగి ఆటో మాట్లాడుకుని ఇల్లు పట్టుకునేసరికి పదకొండు కావస్తోంది. వాకిట్లో షామియానా వేస్తున్నారు. ఒక పెద్దాయన కుర్చీలు దించుతున్నాడు. గడపలో ఉల్లిగడ్డలు తరుగుతున్న ఆవిడ నన్ను, పెట్టెను చూసింది.

"ఫ్యాన్ మేము అడగలేదే పాపా."

"ఫ్యాన్ కాదు పెద్దమ్మా. కువైట్ నుంచి అన్న పూలు పంపినాడు. పుట్టింటి పూలు."

ఆమె కత్తిపీట పక్కకు జరిపి లేచింది. ఆమే అత్తగారు. నన్ను లోపలికి తీసుకుపోయింది. మంచం మీద ఏడో నెల కడుపుతో ఒకామె కూర్చుని ఉంది, నాకంటే రెండుమూడేళ్లు పెద్ద. కొంగు తల మీద కప్పుకుంది. వదిలితే జారిపోతుందేమో అన్నట్టు చెవి దగ్గర వేలితో పట్టుకునే ఉంది.

"అక్కా, మీ అన్న పంపినాడు" అని పెట్టె పక్కన పెట్టాను.

"మా అన్ననా?" అంటూ రెండు చేతులతో మూత తీసింది. వాసన గది అంతా వచ్చింది. ఆమె ముఖం ఎంత వెలిగిందో, జడను వేలితో పై నుంచి కింద దాకా ఒకసారి తాకేసరికి అంత చిన్నబోయింది. రెండు చేతులూ జడ మీద ఉన్నాయి కాబట్టి కొంగు జారింది. అప్పుడు చూశాను. నాలుగు వేళ్ల పొడవు జుట్టు. మెత్తగా, చిన్నపిల్లల తల లాగా, పైకి లేచి ఉంది.

నేను అక్కడే నేల మీద కూర్చున్నాను.

"తిరుపతిలో ఇచ్చినాది" అంది అత్తగారు. "పెండ్లయి ఐదేండ్లు. రెండు కడుపులు నిలబడలేదు. మొగుడూ పెండ్లాం ఇద్దరూ పోయి తల ఇచ్చొచ్చినారు. ఆ తర్వాత రెండు నెలలకే నీళ్లోసుకునింది."

"మరి అన్నకు చెప్పలేదా?"

అత్తగారు కోడలి వైపు చూసింది. ఆమె కొంగు మళ్లీ పైకి లాక్కుంది.

"ఏమని చెప్పేది పాపా? నన్ను జడేసి పెంచినాడు ఆయప్ప. పోయేటప్పుడు ఎయిర్‌పోర్టుకు పోయే కారెక్కి, దిగొచ్చి, నేను వచ్చేసరికి ఒక అంగుళం తగ్గిండకూడదు అని చెప్పి మళ్లీ ఎక్కినాడు."

"వీడియో కాల్ చేస్తాడు గదా?"

"కడుపుతో ఉండేటోళ్లకు చెవులకు గాలి తగలకూడదని చెప్పినా. నమ్మినాడు."

అని పెట్టె మూత పెట్టేసింది.

"తీసుకుపో పాపా. ఇచ్చినానని చెప్పు."

"ఫోటో పంపాలక్కా."

"పెట్టె ఫోటో తియ్."

"పెట్టె ఫోటో చూసి మీ అన్న ఏం చేసుకుంటాడు? దాని మీద ఫ్యాన్ బొమ్మ ఉండాది."

ఆమెకు నవ్వు రాబోయి ఆగింది. అత్తగారు చెడ్డ మనిషి కాదు, ఆ మాట ఇక్కడే చెప్పాలి. ఆమె నిదానంగానే చెప్పింది: "జడ లేని తలకు పూలజడ ఏందిమా? అమ్మలక్కలు నవ్వుతారు. ఆ పిల్ల పేరంటంలో తల దించుకోని కూచోవాలనా? దేవుని పటానికి ఏస్తాం, పుణ్యం వస్తాది. నువ్వు అన్నం తిని పో."

మాట న్యాయంగానే ఉంది. నేను అన్నం తిని, పటం ముందు పెట్టిన పూలను ఫోటో తీసుకుని పన్నెండు గంటల బస్సుకు పోయి ఉండొచ్చు. కానీ నాకు ఆ అన్న చేతులు కళ్ల ముందుకొచ్చాయి. పదేళ్ల మగపిల్లాడు రిబ్బను ముడి ఎలా వేసేవాడో. అంత చేసిన మనిషి పంపిన పూలు ఈ పొద్దు ఈమె తలకెక్కకుండా పటానికెక్కితే, ఈమె ఇంక ఎప్పటికీ ఆయనకు నిజం చెప్పలేదు అనిపించింది. ఇప్పుడు దాచింది, ఇంకొంచెం దాస్తుంది, తర్వాత ఆ దాచినదాన్ని దాస్తుంది.

"నేను ఇది తలకు పెట్టే పోతా పెద్దమ్మా" అన్నాను. "నాలుగింటికి గదా పేరంటం. టైముంది."

"ఎట్ల పెడతావ్? బంకతో అంటిస్తావా?"

"ఇంకా తెల్దు."

భాయ్‌కి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పాను. మధ్యాహ్నం రెండు కేకులు డెలివరీ ఉన్నాయి, రా అన్నాడు. రాను భాయ్, ఆ కేకులు ఈ పొద్దుకు నువ్వే పట్టుకుపో అన్నాను. ఆయన, కొత్త కేకుపెట్టెలు ఎక్కడ పెట్టినావ్ అని అడిగాడు. అంటే ఒప్పుకున్నట్టే.

మొదట రిబ్బను తల చుట్టూ కట్టి దానికి జడ తగిలించాను. జడ బరువుకు రిబ్బను వెనక్కి జారి మెడలో పడింది.

"గొర్రెపిల్లకు గంట కట్టినట్లుంది" అంది ఆమె, అద్దంలో చూసుకుని. నేను వచ్చాక ఆమె నవ్వడం అదే మొదలు.

రెండోసారి పిన్నులు పెట్టాను. జుట్టు కొత్తది, పట్టులాగా ఉంది, పిన్నులు నిలబడలేదు. ఒక్కొక్కటే నా కాళ్ల దగ్గర పడ్డాయి. అత్తగారు వంటింట్లోంచి వచ్చి చూసి పోతోంది. పోయిన ప్రతిసారీ ఉల్లిగడ్డ ఘాటు గదిలో వదిలిపోతోంది. ఒంటిగంట అయింది. మొగ్గల మీద నీళ్లు చల్లాను. నాకు కూడా కొంచెం భయం పట్టింది.

అప్పుడు గోడకు తగిలించిన పట్టు జాకెట్టు కనిపించింది. వాళ్ల అన్న పంపిన చీర మీదకు కుట్టించిన జాకెట్టు. జడ బరువు తల ఎందుకు మోయాలి, జాకెట్టు మోయదా అనిపించింది. జాకెట్టు వీపు మీద లోపలి వైపు ఒక గట్టి గుడ్డ ముక్క వేసి, అరటి దబ్బను దానికి నాలుగు చోట్ల కుట్టేశాను. కింద కొసకు వేలాడే కుప్పెలు మూడూ తీసేశాను, బరువు తగ్గింది. జాకెట్టు తొడిగితే జడ వీపు మీద తనంతట తానే నిలబడింది. ఇంక తలకూ జడకూ మధ్య జానెడు ఖాళీ. దానికి జాకెట్టు గుడ్డ మిగిలిన ముక్కతో ఒక పట్టీ కుట్టి, పట్టీ చుట్టూ మల్లెదండ వరసలు వరసలుగా చుట్టాను. ఆ మల్లెల కోసం బజారుకు ఎండలో ఉరికింది నేనే. పట్టీ నుదుటి మీద నుంచి వెనక్కి కట్టి, జడ పైభాగాన్ని అందులోకి దూర్చి ఒక్క ముడి వేశాను.

"తల ఊపక్కా."

ఊపింది. జడ ఊగింది, పడలేదు.

"ఇంకా గట్టిగా."

"బిడ్డ బయటికొస్తాది పాపా, చాలు."

అత్తగారు గడపలో నిలబడి చూస్తోంది. బాగుందనలేదు. వేరే మాట ఎత్తింది.

"అదంతా ఇప్పుడు ఇప్పేయాల. పీట మీద కూచోబెట్టినాక పుట్టింటోళ్ల చేతి మీదుగా ఎక్కాల. అది పద్ధతి. వాళ్ల మేనత్త వస్తానని, ఈ పొద్దు కాళ్లు వాచినాయని రాలేదు. ఎవరు పెడతారు?"

"నేను పెడతా."

"నువ్వు కొరియర్ పాపవి."

"పంపిన మనిషి రాలేకనే గదా పెద్దమ్మా నన్ను పంపినాడు. ఆయన తరపున వచ్చిన దాన్ని నేనే. వేరే ఎవరన్నా వచ్చినారా?"

"పెండ్లయిందా నీకు?"

"లేదు."

"చూసినావా. ముత్తైదువ పెట్టాల."

నేనూ ఆలోచించాను, ఆమె కూడా ఆలోచించింది. పద్ధతి తప్పాలని ఆమెకు లేదు, పూలు ఆపాలని కూడా ఇప్పుడు లేదు, అది ముఖంలో తెలుస్తోంది. చివరికి చేతులు కొంగుకు తుడుచుకుని చెప్పింది: "నువ్వు పెట్టు. నీ మణికట్టు నేను పట్టుకుంటా. పుట్టింటి చెయ్యి నీది, ముత్తైదువ చెయ్యి నాది."

మంచం మీద ఆమె మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఇద్దరు కలిసి నా తల పీకేరు" అంది.

నాలుగున్నరకు అలాగే జరిగింది. షామియానా కింద పీట మీద ఆకుపచ్చ పట్టుచీరలో ఆమె కూర్చుంది. జాకెట్టు మీద జడ ముందే ఉంది కదా, తలకు పట్టీ కట్టడం ఒక్కటే మిగిలింది. నా మణికట్టును అత్తగారు ఎంత గట్టిగా పట్టుకుందంటే ముడి వేసేటప్పుడు వేళ్లు ఆడలేదు. చుట్టూ ముప్పై మంది ఆడవాళ్లు. గాజులు తొడుగుతున్నారు. ఎదురు వరసలో ఒకామె పక్కామెను అడిగింది, మాకు వినపడేటట్టే.

"పుట్టింటోళ్లు ఎవరొచ్చినారు?"

"కొరియర్‌లో వచ్చిందంట పుట్టిల్లు."

"కువైట్ నుంచి ఆయప్ప నడిచి రాలేడు గదక్కా" అన్నాను నేను. "అందుకే నేను బస్సులో వచ్చినా."

"ఏమైతావు నువ్వు వాళ్లకు?"

నేను నోరు తెరిచే లోపల అత్తగారే చెప్పింది. "జడ కుట్టిన పిల్ల. నంద్యాల. అక్షింతలు ఏసి ఇట్ల రా, ఎనకుండేటోళ్లకు దారియ్యి."

ఫోటో సంగతి నేను మధ్యాహ్నమే ఆలోచించి పెట్టుకున్నాను. వెనక నుంచి తీస్తే మూడడుగుల పూలజడ, పైన మల్లెల పట్టీ, కింద అంతా పట్టుచీర. లోపల ఏముందో ఏ అన్నకూ తెలియదు. తీశాను. చాలా బాగా వచ్చింది. వంగి ఆమెకు చూపించాను.

ఆమె చాలాసేపు చూసింది. వేలితో పెద్దది చేసి చూసింది.

"అచ్చం పాత జడ లాగుంది" అంది.

"పంపియ్యనా?"

"కంపెనీకి పంపు. మా అన్నకొద్దు."

"మరి అన్నకు?"

ఆమె పట్టీని నుదుటి మీద నుంచి కొంచెం వెనక్కి జరుపుకుంది. నాలుగు వేళ్ల జుట్టు బయటికొచ్చింది. నెత్తి మీద పసుపు అక్షింతలు ఆ పొట్టి జుట్టులో చిక్కుకుని అలాగే నిలబడ్డాయి.

"ముందర నుంచి తియ్."

"ఆలోచించుకో అక్కా. పోయినాక నేను ఎనక్కి తీసుకోలేను."

"బిడ్డను చూసేదానికి వస్తాడు గదా. అప్పుడన్నా ఈ తల చూస్తాడు. ఈ పూలు నెత్తిన పెట్టుకోని ఆయప్పకు అబద్ధం చెప్పలేను. తియ్ పాపా."

తీశాను. ఆమె నవ్వలేదు, తల దించుకోలేదు. నేరుగా ఫోన్‌లోకి చూసింది. అది అన్న నంబరుకు పంపాను. రెండు నిమిషాల్లో నీలం గీతలు పడ్డాయి. చూశాడు. ఇద్దరం ఎదురుచూశాం. ఏమీ రాలేదు.

హారతి అయింది, భోజనాలయ్యాయి. ఆమె ఫోన్ ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది. గాజుల చేతులతో మాటిమాటికి దాన్ని తిప్పి చూస్తుంటే, ఎవరు పలకరించినా గాజులే ముందు చప్పుడు చేస్తున్నాయి. ఆరింటి బస్సుకు నేను లేచినప్పుడు వాకిలి దాకా వచ్చింది.

"కోపమొచ్చింటాది."

"డ్యూటీలో ఉంటాడక్కా."

చూశాడని ఇద్దరికీ తెలుసు. అయినా అన్నాను. అత్తగారు నా చేతిలో జాకెట్టు గుడ్డ, తాంబూలం, డబ్బా నిండా చిత్రాన్నం పెట్టింది. వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది గానీ నాకు ఏమీ బాగా లేదు. పటానికి వేసి పోయి ఉంటే ఆమె ఈ పొద్దు ఫోన్ తిప్పుకుంటూ కూర్చునేది కాదు కదా. అన్న పంపిన పూలు కదా అని ముద్దుగా చూసుకునేది. పట్టుబట్టింది నేను. నా మొండితనానికి ఆమె శ్రీమంతం రోజు ఖర్చయిందేమో అనుకున్నాను. కంపెనీ వాళ్ల దగ్గర ఆర్డరు మాత్రం పచ్చరంగులో ముగిసిపోయింది, కస్టమర్‌కు ధన్యవాదాలు కూడా పోయాయి.

మర్నాడు పొద్దున అంగడి తీసి, బకెట్లలో నీళ్లు మార్చి, ఫోన్ చూశాను. ఆయన నుంచి ఏమీ లేదు. ఆమెకు మెసేజ్ పెట్టాను, అన్న చేశాడా అని. లేదు అని వెంటనే వచ్చింది. అంత వెంటనే వచ్చిందంటే చేతిలోనే పట్టుకుని ఉంది. భాయ్ ఇంకా రాలేదు. కస్టమర్లతో డెలివరీ అయ్యాక మాట్లాడకూడదని మాకు ఒక రూలుంది. అయినా అన్నకు ఫోన్ చేశాను.

చాలాసేపు మోగాక ఎత్తాడు.

"చెప్పు మా."

"ఫోటో చూసినావా అన్నా?"

"చూసినా."

"చెల్లెలితో మాట్లాడినావా?"

"లేదు."

"కోపమా?"

"కోపమేంది మా. తల ఇచ్చేటప్పుడు నాతో ఒక్క మాట అనలేదే అని. ఎందుకిచ్చింది? ఏమైంది దానికి? నువ్వు పోయినావు గదా, నీకు చెప్పింటారు. చెప్పు."

నాకు తెలుసు. అంతా నాలుక చివర ఉంది. ఎవరూ అడగకపోయినా చెప్పే రకం నేను.

"నాతో అడగొద్దన్నా. అది మీ చెల్లెలు చెప్పాల్సిన మాట."

"అడిగితే ఏడుస్తాది."

"ఏడవనీ. నిన్న నుంచి ఫోన్ చేతిలో పట్టుకోని కూచుంది. నువ్వు పంపిన జడ పెట్టుకోనే, ఆ తలతోనే ముప్పై మంది ముందర కూచుంది. ఎనక నుంచి తీసిన ఫోటో కూడా ఉండాది, అందులో జుట్టు ఏమీ తెల్దు. అది నీకు పంపొద్దనింది. అబద్ధం చెప్పలేనని ముందర నుంచి తీయమనింది. ఆ మాత్రం ధైర్యం ఆమె చేస్తే, నువ్వు ఒక ఫోన్ చెయ్యలేవా?"

అవతల బండి ఇంజిను చప్పుడు ఆగింది. పక్కకు ఆపినట్టున్నాడు.

"జడ నిలబడిందా మా? ఆ ఎంటికలకు?"

"ఊగింది గానీ పడలేదు. ఇంక నేను పెట్టేస్తాండా. నువ్వు చెయ్."

జవాబు వినకుండా పెట్టేశాను. రెండు గులాబీల కట్టలు విప్పి, ముళ్లు తీస్తూ, గోడ గడియారంలో ఐదు నిమిషాలు చూశాను. తర్వాత ఆయన నంబరు నొక్కాను. వేరే కాల్‌లో ఉన్నారని వచ్చింది. కట్ చేసి ఆమె నంబరు నొక్కాను. ఆమె కూడా వేరే కాల్‌లోనే ఉంది. గబుక్కున అది కూడా కట్ చేసి, ఫోన్ బల్ల సొరుగులో పడేసి, మూడో కట్ట విప్పాను.